డెబ్బై ఏళ్ల కోడలు

మొన్న మా ఆయన లైఫ్ సర్టిఫికెట్ పని మీద ఇద్దరం బ్యాంకుకు వెళ్లాం. ఏటా ఆ రోజుల్లో గోదావరిఖని బ్యాంకులు జాతరలా ఉంటాయి. చేతికర్రలు, వాకర్లు, దగ్గులు, మఫ్లర్లు. ఒకప్పుడు ఒకే షిఫ్టులో బొగ్గుబాయి దిగిన వాళ్లు ఇప్పుడు ఒకే వరుసలో నిలబడి ఉంటారు. మిషన్ మీద బొటనవేలు నొక్కుతారు. ముద్ర పడకపోతే వేలిని చొక్కాకు తుడుచుకుని మళ్లీ నొక్కుతారు. తాము బతికే ఉన్నామని రుజువు చేసుకోవడానికి ఇంత తిప్పలు పడాలి.

ఆ గుంపులో గోడవారగా ఒక ముసలామె కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె భుజం పట్టుకుని ఇంకో ముసలామె నిలబడి ఉంది. నిలబడ్డామె కాళ్లు మోకాళ్ల దగ్గర వంగిపోయాయి. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ అవస్థ పడుతోంది. పక్కనే ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. చూడలేక, "కూసో అమ్మా, కుర్చి ఖాళీగనే ఉన్నది గద" అన్నాను. ఆమె నన్ను వింతగా చూసి, గొంతు తగ్గించి, "మా అత్త ముంగట కుర్చీల ఎట్ల కూసుంట?" అంది.

అంతే, వచ్చిన పని మరిచిపోయాను. మా పక్కింటి అక్క కళ్లముందుకు వచ్చింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా కరివేపాకు, పాలప్యాకెట్లు, ఒకరి మీద ఒకరికి వచ్చే కోపాలు అన్నీ దాటేవి. అక్క పొట్టి మనిషి. వెల్లుల్లిపాయంత కొప్పు. పళ్లు చాలా వరకు ఊడిపోయాయి. ఎడమ మోకాలి మీద చెయ్యి ఆనించకుండా నాలుగడుగులు వేయగా నేను చూడలేదు. గొంతు మాత్రం నిన్ననే కాపురానికి వచ్చిన పిల్ల గొంతు. ఫోన్ ఎత్తితే అవతలి వాళ్లు "ఇంట్లో పెద్దోళ్లు ఎవరన్న ఉన్నరా?" అని అడిగేవారు. ఆమె నవ్వకుండా, "ఉన్నది, మా అత్త" అని చెప్పేది. అబద్ధమేమీ కాదు. ఆ ఇంట్లో పెద్దమనిషి ఆ అత్తే.

మేమంతా అవ్వ అని పిలిచే ఆ అత్తకు తొంభై దాటి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. పెనిమిటి బొగ్గుబాయిలో పనిచేసి, రిటైరై, పోయి కూడా చాలా కాలమైంది. ముందు గదిలో మంచమే ఆమె లోకం. కంటి నరాలు ఎండిపోయాయని, ఆపరేషన్ చేసినా లాభం లేదని దవాఖానలో ఎప్పుడో చెప్పేశారు. చూపు పోయినా చెవులు మాత్రం చురుకు. వంటింట్లో గ్లాసు కింద పడితే అది స్టీలుదో ఇత్తడిదో చెప్పేది. ఏం కావాలన్నా "పిల్లా!" అని పిలిచేది. కాపురానికి వచ్చిన నాడు పెట్టిన పిలుపు. ఆ పిల్లకు డెబ్బై వచ్చాయి, మనవరాలు బడికి పోతోంది, అయినా ఆ పిలుపు మారలేదు.

అత్త ముందు కోడలు కుర్చీలోనో మంచం మీదో కూర్చోకూడదన్న పద్ధతి వాళ్ల ఇంట్లో గట్టిది. కళ్లు లేని మనిషికి ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఏం తెలుస్తుంది అని నేను వాదించేదాన్ని. "ఆమెకు కండ్లు లేకపాయె, నాకు లేవా?" అనేది అక్క. అందుకే కూర్చోవడానికి మా వరండాకు వచ్చేది. "చెల్లె, జర కుర్చి ఎయ్యి. మనిషిలెక్క కూసుంట" అని గేటు దగ్గర నుంచే కేకేసేది. కూర్చుని కాళ్లు ముందుకు చాచుకుని, కళ్లు మూసుకుని, "అబ్బ" అనేది. ఆ అబ్బ పూర్తయ్యేలోపే గోడ అవతల నుంచి "పిల్లా!" అని వినిపించేది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని లేచి, "కుర్చి తియ్యకు, ఇప్పుడే అస్త" అని వెళ్లేది. ఆ కుర్చీ సాయంత్రం దాకా అక్కడే ఉండేది. మా ఆయన దాని మీద తువ్వాలు ఆరేసుకునేవాడు.

ఎవరైనా "మీ అత్త ఎట్లున్నదే?" అని అడిగితే, "నాకంటె మంచిగున్నది" అనేది. పొద్దున లేవగానే మొదటి పని ముసలామె ముక్కు దగ్గర చేతి వెనక భాగం పెట్టి ఊపిరి చూడడం. ఒకసారి నేను గోడ దగ్గర ఉండగా చూసి వచ్చి, "ఉన్నది చెల్లె. మన ఇద్దర్ని సాగనంపి పోతది" అని పగలబడి నవ్వింది. తర్వాత తన నోటి మీద తానే కొట్టుకుని, తులసికోట వైపు తిరిగి దండం పెట్టింది.

నేను ఇక్కడి బడిలో టీచర్‌ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా కాలనీ అంటే పిల్లల గోల. ఒక్కో తరగతికి రెండు సెక్షన్లు. ఇప్పుడు రెండు తరగతుల పిల్లల్ని ఒకే గదిలో కూర్చోబెట్టినా బెంచీలు మిగులుతున్నాయి. లోపలి బాయిలు ఒకటొకటిగా మూతపడ్డాయి. పైనుంచే నేలంతా తవ్వి బొగ్గు తీసే ఓపెన్ కాస్టుల్లో మనుషుల పని మిషన్లు చేస్తున్నాయి. కుర్రవాళ్లు ఎక్కడ పని దొరికితే అక్కడికి పోయారు. మూలమీది కిరాణం షాపులో పిల్లలు తినే చిప్స్ ప్యాకెట్లు వేలాడే చోట ఇప్పుడు పెద్దవాళ్లకు వేసే డైపర్ల ప్యాకెట్లు వేలాడుతున్నాయి. గాజుల దుకాణం పోయి రక్తపరీక్షల సెంటర్ వచ్చింది. తెల్లవారి సైరన్ మోగితే మాత్రం వీధి వీధంతా ఇంకా లేస్తుంది. డ్యూటీ లేకపోయినా లేచి, ఏం చేయాలో తెలియక గుమ్మాల్లో కూర్చుంటారు.

బతుకమ్మ ఆటలో కూడా అదే లోటు. పాట ఎత్తుకునే గొంతులు ఎన్నో ఉన్నాయి. చప్పట్లు కొడుతూ వంగి లేచి తిరిగే నడుములు తగ్గిపోయాయి. మోకాళ్లు అరిగిన వాళ్లంతా ఒక పక్కన వరుసగా కుర్చీలు వేసుకుని కూర్చుని పాడతారు. అక్క ఆ వరుసలో కూర్చోవలసిన మనిషే. కానీ అవ్వను కూడా ఎత్తుకొచ్చి అదే వరుసలో కూర్చోబెట్టేవారు కదా, మరి ఈమె ఎక్కడ కూర్చుంటుంది? తన మనవరాలి ఈడు పిల్లలతో కలిసి, కుంటుకుంటూ ఆడేది. అందరూ "అక్క ఇంక ఎంత ఉషారుగున్నదో!" అని మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పు వింటే నాకు ఒళ్లు మండేది.

ఆ ఇంట్లో నేను చూసిన అతి పెద్ద దుఃఖం చావు కాదు. బావ, అంటే అక్క పెనిమిటి, డాక్టర్ల పరీక్షలో నెగ్గిన రోజు.

ఈ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. బాయిలో పనిచేసే మనిషి ఇంకా కొంత సర్వీసు ఉండగానే జబ్బు చేసి పనికి పనికిరాడని డాక్టర్ల బోర్డు తేలిస్తే, ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. గట్టిగా ఉన్నాడని తేలిస్తే రాదు. అందుకే ఇక్కడ 'అన్‌ఫిట్' అంటే పండగ, 'ఫిట్' అంటే పిడుగు. బావకు అప్పటికే ఆయాసం ఉంది, నడుము పట్టేసేది. కొడుకు డిగ్రీ చదివి ఊరికే తిరుగుతున్నాడు. బోర్డు ముందుకు పోయే ముందు అక్క అతనికి పెరుగు మానిపించింది, గుడ్డు మానిపించింది. మెట్లు కనిపిస్తే చాలు, ఎక్కి దిగమని తరిమేది, ఆయాసం బాగా పట్టాలని. కట్టుకున్నవాడు నాలుగు కాలాలు చల్లగా ఉండాలని నోములు పట్టిన మనిషి, అతను జబ్బుగా కనిపించాలని మొక్కు కూడా మొక్కింది.

ఆ సాయంత్రం బావ వచ్చి చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో కూలబడ్డాడు. "ఏమన్నరు?" అంది అక్క. "ఫిట్టు" అన్నాడు, తప్పు చేసి దొరికిపోయినవాడిలా. అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొడుకు ఇంట్లోంచి లేచి వెళ్లిపోయాడు. చుట్టుపక్కల ఆడవాళ్లం పరామర్శకు వెళ్లాం. అప్పుడు మంచంలోంచి అవ్వ గొంతు వచ్చింది. "ఏంది, డాక్టర్లు నా కొడుకు గట్టిగున్నడన్నరా? ఉండడా మరి! వాడు తాగింది ఎవల పాలు?" అని బోసినోటితో ఒకటే నవ్వు. ఆ నవ్వుకు ఏడుస్తున్న వాళ్లంతా ఆగిపోయాం. అక్క కళ్లు తుడుచుకుని లేచి, ఆ రాత్రి బావకు గడ్డపెరుగు వేసి అన్నం పెట్టింది.

కొడుకు ఇప్పుడు కమాన్‌పూర్ అవతల ఓపెన్ కాస్టులో కాంట్రాక్టరు కింద డంపర్ తోలుతున్నాడు. కోడలు మంచిర్యాలలో నర్సు. ఇద్దరివీ షిఫ్టు డ్యూటీలు, అద్దె ఇల్లు నస్పూర్‌లో. మంచి పిల్లలు. కుదిరిన ఆదివారం వచ్చి పోతారు. "దానికి డ్యూటీ చెయ్యంగనే పానం పోతది. నాకేం చేస్తది?" అనేది అక్క కోడలి గురించి, కోపం లేకుండా. నేను లెక్క వేసుకునేదాన్ని. ఈమె అత్తకు కోడలిగా యాభై ఏళ్లు పైన చాకిరీ చేసింది. తనకు మాత్రం కోడలి చేతి చాకిరీ రాసిపెట్టి లేదు. పూర్వం కోడళ్లు నలభై ఏళ్లకే అత్తలైపోయేవారు, తాళంచెవులు బొడ్డున దోపుకునేవారు. మనుషులు ఎక్కువ కాలం బతకడం మంచిదే. కానీ ఆ ఎక్కువ కాలాన్ని ఎవరో ఒకరు మోయాలి కదా. మా వీధిలో దాన్ని మోస్తున్నది అరవై, డెబ్బై దాటిన ఆడవాళ్లే.

అక్కకు గుండెనొప్పి మొదట మా వరండాలోనే వచ్చింది. చెమటలు పట్టి, కుర్చీలో ఒక పక్కకు ఒరిగిపోయింది. ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. పరీక్షలు చేసి, రక్తనాళాలు మూసుకున్నాయని, ఆలస్యం చేయకుండా హైదరాబాద్ పోయి స్టెంట్ వేయించుకోవాలని రాసిచ్చారు. బావకు కంపెనీ ఇచ్చిన మెడికల్ కార్డు ఉంది, ఖర్చు బాధ లేదు. కావలసింది పది రోజుల తీరిక. అది మాత్రం ఆమె దగ్గర లేదు.

"తీరినంక పోత చెల్లె" అంది. ఎప్పుడు తీరుతుందో అడిగితే చెప్పేది కాదు. ఎలా చెబుతుంది? అత్త పోవాలని నోటితో అనగలదా?

అవ్వను పది రోజులు చూసేదెవరు? బావ అన్నం తినిపించగలడు, కానీ తల్లికి స్నానం చేయించలేడు. కొడుకు చెయ్యి మీద పడితే ఆమె చీర కుచ్చెళ్లు రెండు చేతులా పట్టుకుని అరిచేది. అవ్వ కూతురు ఇదే ఊళ్లో ఉంది. ఆమెది కూడా మంచమే. పనికి కుదిర్చిన మనిషిని ముసలామె రెండో పూటకే తరిమేసింది. నర్సు కోడలు సెలవు పెడతానంది. తీరా ఆ వారం వాళ్ల దవాఖానలో మనుషులు లేరని సెలవు ఇవ్వలేదు. చివరికి నేను పోట్లాడాను. "బడికి సెలవులచ్చినయ్. అవ్వను నేను చూసుకుంట. నువ్వు పోవాలె. పోకపోతే నాతోని మాట్లాడకు" అన్నాను. ఆమె చాలాసేపు గోడ మీది సున్నం గోకుతూ నిలబడి, "సరే" అంది.

వెళ్లే రోజు పొద్దున్నే తలస్నానం చేసింది. అవ్వకు ఒళ్లు కడిగి, మెత్తటి చీర కట్టి, అన్నం పిసికి తినిపించింది. బట్టల సంచి గుమ్మం దగ్గర ఉంది. ఆటో వచ్చి ఆగింది. ఆపరేషన్ అంటే ముసలామె బుగులు పడుతుందని మేమంతా చెప్పకుండా దాచాం. కానీ చెప్పకుండా ఇల్లు దాటడం అక్కకు చేతకాదు. కాపురానికి వచ్చిననాటి నుంచీ అత్తను అడగకుండా గడప దాటలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని, అప్పటికప్పుడు తోచిన మాట అనేసింది.

"అత్తా, తల్లిగారింటికి పోయొస్త. పది దినాలల్ల అస్త."

కోడలు ఇల్లు వదిలి వెళ్లడానికి ఆమెకు తెలిసిన కారణం అదొక్కటే. అవ్వ మెల్లగా అడిగింది.

"తల్లిగారింట్ల ఎవలున్నరే నీకు?"

అక్క అమ్మానాన్నలు పోయి ఎన్నో ఏళ్లు. ఇద్దరన్నలు పోయారు. చివరి వదిన కూడా అంతకు ముందటి ఏడే పోయింది. ఆ ఇల్లు ఓపెన్ కాస్టు కింద పోయి, ఇప్పుడు అక్కడ మట్టిగుట్టలున్నాయి. డెబ్బై ఏళ్ల మనిషికి పుట్టిల్లు ఎక్కడ ఉంటుంది?

ముసలామె చేతులు గాలిలో వెతుక్కుంటూ వచ్చి అక్క చెయ్యి దొరకబుచ్చుకున్నాయి. "నన్ను ఇడిసిపెట్టి పోతున్నవా, పిల్లా? నేను ఇంకెన్ని దినాలుంట? నాలుగొద్దులు. గప్పటిదాంక ఉండవా?" అంది. చూపు లేని ఆ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె మీద నాకు ఎన్నిసార్లు కోపం వచ్చిందో. ఆ క్షణం మాత్రం ఆమె కోడలి మీద అజమాయిషీ చేసే అత్తలా కనిపించలేదు. చీకట్లో భయపడుతున్న మనిషిలా కనిపించింది.

అక్క బయటకు వచ్చి ఆటో అతనితో, "నువ్వు పో బిడ్డా" అంది. నేను ఆమె భుజాలు పట్టుకుని కుదిపాను. ఏం మాట్లాడుతున్నానో కూడా చూసుకోకుండా, "ఆమె తొంభై ఏండ్లు బతికింది, నువ్వు బతకొద్దా?" అని అరిచాను. ఆమె నా చేతులు తీసి పట్టుకుని, "గట్ల ఏడుస్తుంటే ఎట్ల పోనే? తొవ్వలనే పానం పోతది నాకు" అంది. సంచిలోని బట్టలు తీసి మళ్లీ దండెం మీద వేసింది.

తర్వాత నేను మళ్లీ మళ్లీ అడిగాను. మందులు వాడుతున్నాను కదా అనేది. వాడేది కూడా. అవ్వకు మాత్ర వేసేటప్పుడు తనదీ వేసుకునేది.

చలికాలం ఒక పొద్దున సైరన్ మోగాక కాసేపటికి గోడ అవతల నుంచి బావ కేక వినిపించింది. నేను వెళ్లేసరికి అక్క పెరట్లో నీళ్లు కాగే పొయ్యి దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కట్టె ఇంకా మండుతోంది. ముఖం మీద చెమట ఆరలేదు. ఒళ్లో అవ్వకు కట్టే ఉతికిన చీర మడతపెట్టి ఉంది. చెయ్యి పట్టుకుని చూశాను. పిలిచాను. ఇంకేం చేసినా లాభం లేదని తెలిసినా పిలుస్తూనే ఉన్నాను.

జనం వచ్చారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కర్రల మీద వచ్చారు. ఆడవాళ్లు ముక్కు చీదుతూ, "పుణ్యాత్మురాలు, పసుపు కుంకుమతోని పోయింది" అన్నారు. ఒకామె "మంచంల వడకుంట, ఎవలతోని చేయించుకోకుంట పోయింది" అంది. చేసేవాళ్లు ఉంటే కదా చేయించుకోవడానికి అందామనుకున్నాను. అనలేక వెళ్లి ఏడుస్తూ కూర్చున్నాను. కొడుకు డ్యూటీ మధ్యలో, ఒంటి మీది దుమ్ముతోనే వచ్చి తల్లి కాళ్ల దగ్గర పడిపోయాడు.

ముందు గదిలో అవ్వ "పిల్లా, ఎవలేడుస్తున్నరే?" అని అడుగుతూనే ఉంది. ఎవరింట్లో ఏమైందో చూసి వచ్చి చెప్పమని కోడలినే అడుగుతోంది. చివరికి బావ వెళ్లి మంచం పట్టె మీద కూర్చుని, "అవ్వా, నీ కోడలు పోయిందే" అన్నాడు.

"యాడికి?"

అతను ముఖం కప్పుకున్నాడు. అక్క కొడుకు లేచి, నాయనమ్మను చిన్నపిల్లలా రెండు చేతులమీద ఎత్తుకొచ్చి, అక్క తల దగ్గర చాప మీద కూర్చోబెట్టాడు. "నాయనమ్మా, మా అమ్మ" అని ఆమె చెయ్యి తీసి తల్లి నుదుటి మీద పెట్టాడు.

అవ్వ వేళ్లు మెల్లగా కదిలాయి. పలచబడిన వెంట్రుకల మీదుగా పోయాయి. లోపలికి పోయిన దవడలు తడిమాయి. పళ్లు లేని నోటి దగ్గర ఆగాయి. మెడ కింద వేలాడే చర్మాన్ని పట్టుకుని చూశాయి. యాభై ఏళ్లు పైన ఈ మనిషే ఆమెకు వండిపెట్టింది, మంచాన పడ్డాక ఒళ్లు కడిగింది. ఆ ముఖాన్ని మాత్రం ఆమె ఎప్పుడూ తడిమి చూడలేదు. ఆమె మనసులో ఉన్నది చూపు పోకముందు చూసిన కోడలు. చెవిలో రోజూ వినబడింది ఆ లేత గొంతు.

చెయ్యి వెనక్కి తీసుకుంది. ముఖంలో దుఃఖం లేదు. ఎవరింటి మనిషో తెలియక తికమకపడుతున్నట్టు తల అటూ ఇటూ తిప్పింది.

"ఈమె మా పిల్ల గాదు. ఎవలో ముసలామె," అంది. "అయ్యో, పెయ్యంత సల్లవడ్డది పాపం. మా పిల్లను పిలువుండ్రి. ఈమెకు జర ఉడుకునీళ్లు పోస్తది."

పెరట్లో, అక్కకు పోయడానికి పెట్టిన కాగులో నీళ్లు మరుగుతున్నాయి.